కాలెత్తింది ఎవరు?

అరవై దాటాక తీగలు మీటుతానని బ్యాంజో పట్టుకుంటే ఊళ్ళో నవ్వుతారని నాకు తెలియక కాదు. నవ్వుకోనీ. మంచు పడినా వాన పడినా ఈ కెంటకీ కొండ మలుపుల్లో ఏళ్ళ తరబడి స్కూలు బస్సు నడిపినదాన్ని. వెనక సీట్లలో కూర్చున్న పిల్లలు నా మీద కట్టి పాడిన పాటల ముందు ఈ నవ్వులు ఏపాటి?

నాకు ఒళ్ళు మండింది నవ్వేవాళ్ళ మీద కాదు, నవ్వని మనిషి మీద. ఆ మనిషి మా ఆయనే. పేరు థర్మన్. ఫిడేలు వాయిస్తాడు. శనివారం మధ్యాహ్నాలు ఫైర్ స్టేషన్ హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని వాయించుకోవడం మావాళ్ళ అలవాటు. ఆ గుంపులో థర్మన్ మాటకి తిరుగు లేదు. నేనేమో ఇన్నేళ్ళూ గోడవారన కూర్చుని బీన్స్ గిన్నె చల్లారకుండా చూసుకుంటూ, వచ్చినవాళ్ళకి మొక్కజొన్న రొట్టె కోసిపెట్టేదాన్ని. ఉద్యోగం మానేసిన ఏడాదే ఒక పాత బ్యాంజో కొనుక్కొచ్చాను.

"ఇదెందుకే ఇప్పుడు?" అన్నాడు థర్మన్.

"రొట్టె కోయడానికి," అన్నాను.

నేర్పింది మా లాటీ. గిటారు వాయిస్తుంది, చిన్నప్పటినుంచీ నా స్నేహితురాలు, నోరు నాకంటే పెద్దది. తీగలు మీటడానికి నేను వేళ్ళకి ఇనప తొడుగులు పెట్టుకుని వరండాలో కూర్చుంటే మా కుక్క మొహం మాడ్చుకుని మెట్లు దిగి పోయేది. "బొటనవేలు నీ మాట వినాలే ఓర్ఫా. మొగుడు వినకపోయినా పరవాలేదు," అనేది లాటీ. ఆ వేలూ వినేది కాదు, మొగుడూ వినేవాడు కాదు. చివరికి వేలు దారికొచ్చింది.

మొగుడి సంగతే చెప్తున్నా. మా గుంపులో తలా ఒక పాట అడగాలి, వరసగా. ఎవరు అడిగితే ఆ పాటకి వాళ్ళే పెద్ద. మొదలుపెట్టేదీ వాళ్ళే, ముగించేదీ వాళ్ళే. ముగించాలనుకుంటే కాలు ఎత్తుతారు. నోళ్ళు పాటలో ఉంటాయి, చేతులు తీగల మీద ఉంటాయి, ఇక మిగిలింది కాలేగా. ఒకే పాటని చుట్టు మీద చుట్టు వాయిస్తూ పోతాం కదా, కాలు లేచిందంటే ఆ చుట్టుతో పాట సరి, అందరూ ఒక్కసారే ఆగిపోతారు.

నా వంతు వస్తే నేనూ ఒక పాట అడిగేదాన్ని. అడిగి, నాలుగు తీగలు మీటానో లేదో, థర్మన్ ఫిడేలు నా మీదికి దుప్పటి కప్పినట్టు వచ్చి పడేది. మిగతావాళ్ళు వాయిస్తుంటే మర్యాదగా పక్కన మెల్లగా వాయించే మనిషి, నా దగ్గరికొచ్చేసరికి ఊరంతా వినపడేలా వాయించేవాడు. నేను బాగా వాయించానో, చెడగొట్టానో ఎవరికీ తెలిసేది కాదు. నాకే తెలిసేది కాదు.

"ఎందుకయ్యా అలా మీద పడతావు?" అని ట్రక్కులో ఇంటికొస్తూ అడిగాను.

"నీకు తోడుగా ఉందామని."

"నాకు తోడొద్దు. తప్పు పోతే పోనీ. ఆ తప్పు నా చెవిన పడనీ."

"అందరి ముందూ తడబడితే నీకెంత తలవంపులే," అన్నాడు. అని, దారి చూస్తున్నట్టు అటు తిరిగాడు. బండి నడుపుతున్నది నేను.

నాకు కావలసింది ఒక్కటే. ఆ గుండ్రంలో కూర్చుని ఒక పాట మొదటినుంచి చివరిదాకా నేను వాయిస్తుంటే నలుగురూ వినాలి. పెద్ద కోరికేం కాదు. అయినా ప్రతి శనివారం అది తీరకుండానే ఇంటికొచ్చేదాన్ని, వచ్చి గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

మొన్న శనివారం నా వంతు వచ్చింది. "నల్లమేక కంచె దాటింది" అడిగాను. మా పక్క ఊరివాళ్ళ పాట అది, పరుగు మీద ఉంటుంది. మొదలుపెట్టాను. అనుకున్నంతా అయింది, ఫిడేలు వచ్చి పడింది. పళ్ళు కొరుక్కుంటూ వాయిస్తున్నాను. ఇంతలో కుడికాలి పిక్క పట్టేసింది. ప్రాణం పోయినట్టయి కాలు ముందుకి చాచి పైకెత్తాను.

వాయించేటప్పుడు నేను తల ఎత్తను. ఎత్తితే వేళ్ళు దారి తప్పుతాయి. అందుకని నాకేమీ కనపడలేదు. వినపడింది మాత్రం. ఆ చుట్టు అయ్యేసరికి ఉన్నట్టుండి గిటారు లేదు, బేస్ గుమ్‌గుమ్ లేదు, ఫిడేలు లేదు. హాలంతా నా బ్యాంజో ఒక్కటే టింగుటింగుమంటోంది. ఏదో ఘోరం చేశాను, అందుకే అందరూ ఆగిపోయారనుకున్నాను. ఆగుదామంటే మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టడం నాకు రాదు. దేవుడా అనుకుని మేకని ఎలాగో కంచె దాటించి, అప్పుడు తల ఎత్తాను.

బేస్ వాయించే క్లోవిస్ నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు. టైర్ల కొట్టు నడుపుతాడు, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించాలి ఆ మనిషికి.

"ఏం వదినా, పాట ముగించమని కాలెత్తింది నువ్వే, ముగించనిదీ నువ్వేనా?"

"నేనెక్కడ ఎత్తాను? పిక్క పట్టేసింది," అన్నాను.

లాటీ నవ్వి నవ్వి గిటారు మీద వాలిపోయింది. హాలు హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. థర్మన్ మాత్రం ఫిడేలు కమాను చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. నన్ను ఆదుకుందామన్నా వీల్లేకపోయింది పాపం. కాలు లేస్తే ఆగిపోవడం ఆయన చేతికి అంతగా అలవాటు.

"బాగానే వాయించావే," అన్నాడు మెల్లగా, ఎవరో కొత్త మనిషితో మాట్లాడినట్టు.

"ఏం బాగు? రెండో భాగంలో తీగ తప్పాను. మళ్ళీ వాయిస్తాను. ఈసారి అందరూ వాయించండి, నువ్వు తప్ప."

"ఓర్ఫా, నువ్వు తడబడితే నేను చూడలేనే."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో. ఫిడేలు ఒళ్ళో పెట్టుకో."

పెట్టుకున్నాడు. మొదలుపెట్టాను. మొదటి భాగం గుర్రంలా పరుగెత్తింది. రెండో భాగంలో సరిగ్గా ఆ తీగ దగ్గరే బొటనవేలు మొండికేసింది, ఆగిపోయాను. లాటీ గిటారు నాకోసం ముందుకి పోకుండా అక్కడక్కడే తిరుగుతోంది. క్లోవిస్ బేస్ కూడా దానితోనే తిరుగుతోంది. నేను ఓరగా థర్మన్ వైపు చూశాను. కళ్ళు మూసుకోలేదు, నన్నే చూస్తున్నాడు, మొహం ఎర్రబడిపోయింది. కుడిచెయ్యి కమాను మీదికి పోయింది. పోయిన చేతిని వెనక్కి లాక్కుని, తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

తీగ దొరికింది. పాట చివరిదాకా వాయించాను, ఇంకో రెండు తప్పులతో సహా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాకోసం చేసినవాటిల్లో, ఆ చేతి మీద కూర్చోవడం కంటే నాకు నచ్చింది ఇంకోటి లేదు.