గడప దాటే అధికారం

శిక్షణలో మూడో వారం వచ్చేసరికి లోర్నా స్టబ్స్ బంగాళదుంపలు చెక్కు తీస్తూ కూడా నేరాల నిర్వచనాలు అప్పజెప్పేస్తోంది. దొంగతనం, దోపిడీ, దాడి, ఆస్తి ధ్వంసం. హార్ల్‌బీ రేవులో ఒక బడి వంటగదిలో పదిహేడేళ్ళు పిల్లలకు వండిపెట్టి, ముప్పై తొమ్మిదో ఏట పోలీసుల్లో చేరింది. తరగతిలో మిగిలినవాళ్ళంతా ఆమె కన్నా పదేళ్ళో పదిహేనేళ్ళో చిన్నవాళ్ళు. వాళ్ళు ఫోన్లలో చదువుకుంటే, లోర్నా చిన్న చిన్న అట్టముక్కల మీద చేత్తో రాసుకుని వంటింటి అల్మారా తలుపులకు అంటించుకునేది.

పాఠం చెప్పే సార్జెంట్ హాలం ఉద్యోగ విరమణకు దగ్గర పడిన మనిషి. గొంతు పెంచేవాడు కాదు. తరగతిలో ఎవరో ఒకర్ని లేపి దొంగతనం అంటే ఏమిటో చెప్పమనేవాడు. "ఇతరులకు చెందిన సొత్తును, వాళ్ళకు ఇక ఎప్పటికీ దక్కకుండా చేయాలన్న ఉద్దేశంతో, నిజాయితీ తప్పి తనదిగా చేసుకోవడం" అని చెప్పాలి. ఒక్క మాట జారినా కూర్చోబెట్టేవాడు.

"పరీక్షలో ఒక మాట వదిలేస్తే ఒక మార్కు పోతుంది. వీధిలో వదిలేస్తే ఎవరిదో బతుకు పోతుంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అనేవాడు.

దాడి నిర్వచనం దగ్గర లోర్నా ఒక రాత్రంతా ఆగిపోయింది. తన మీద అక్కడికక్కడే దెబ్బ పడబోతోందని ఎదుటి మనిషి అనుకునేలా చేస్తే చాలు, అది నేరమే. దెబ్బ పడనక్కర్లేదు. వాళ్ళ నాన్న రెజ్ చెయ్యెత్తి, కొట్టకుండా ఆపి, నవ్వి కూర్చున్న సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. ఆ నవ్వుకు ముందే నేరం పూర్తయిందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆరో వారంలో అధికారాల పాఠం మొదలైంది. ఎవర్ని ఎప్పుడు పట్టుకోవచ్చు, ఎవరి జేబులు ఎప్పుడు వెతకవచ్చు, ఎవరింట్లోకి ఎప్పుడు వెళ్ళవచ్చు. ఆ సోమవారం పొద్దున హాలం బోర్డు మీద పదిహేడు అని అంకె వేశాడు.

"సెక్షన్ పదిహేడు. చేతిలో వారంటు లేకుండా ఇంట్లోకి వెళ్ళగలిగే సందర్భాలు. ఇందులో ఒకటి బాగా గుర్తు పెట్టుకోండి. లోపల ఎవరి ప్రాణానికైనా, ఒంటికైనా పెద్ద అపాయం ఉందనుకుంటే, కాపాడటానికి వెళ్ళొచ్చు. తలుపు తీయకపోతే బద్దలుకొట్టొచ్చు. ఊరికే మనసు కీడు శంకించిందంటే కుదరదు, కోర్టు ఒప్పుకోదు. ఏం చూశారు, ఏం విన్నారు, చెప్పగలగాలి."

"ఇంటివాళ్ళు రావద్దంటేనో?" అన్నాడు ముందు వరసలో కుర్రాడు.

"అననీ. వాళ్ళ అనుమతితో పనిలేదు."

లోర్నా చెయ్యెత్తింది. "ఇది ఎప్పట్నుంచి ఉంది, సార్జెంట్?"

"ఎనభై ఆరు జనవరి నుంచి. నేను చేరడానికి ఏడాది ముందు. ఎందుకమ్మా?"

"ఊరికే" అంది లోర్నా. కాగితం అంచున తొంభై ఒకటి అని రాసి కింద గీత గీసింది.

అది తొంభై ఒకటి మార్చి, ఆదివారం మధ్యాహ్నం. లోర్నాకు తొమ్మిదేళ్ళు, చెల్లెలు బెవర్లీకి ఐదు. మాంసం మాడిందని మొదలైంది గొడవ. అమ్మ డోరీన్ చెవి మీద దెబ్బ పడిన చప్పుడు పక్కింటి ప్రింగిల్ గారికి గోడలోంచి వినిపించి ఆవిడ ఫోన్ చేసింది. కానిస్టేబుల్ వచ్చాడు. అమ్మ తలుపు జానెడు తీసి నిలబడింది. మేడమెట్ల మీద ముడుచుకు కూర్చున్న లోర్నాకు అతని మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. "ఇది మీ ఇంటి గొడవమ్మా. పిలవకుండా లోపలికి రావడానికి నాకు అధికారం లేదు." తలుపు మూసుకుంది. అరగంట తరవాత రెజ్ విసిరిన మరుగునీళ్ళ కెటిల్ అమ్మను తప్పి బెవర్లీ మీద పడింది. మెడ నుంచి భుజం దాకా ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రెజ్ ఏడాదిన్నర జైల్లో ఉండి, బయటికొచ్చాక ఇంకో ఊరికి పోయి అక్కడే చచ్చిపోయాడు. ఇల్లు మిగిలింది, ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. చట్టం గుమ్మం దాకా వస్తుంది కానీ లోపలికి రాలేదు అన్నది ముప్పై ఏళ్ళుగా లోర్నా బుర్రలో నాటుకుపోయిన సంగతి. పోలీసుల్లో చేరడానికి ఒక కారణం అదే. ఎందుకు రాలేదో తెలుసుకుందామని.

భోజనాల వేళ అందరూ వెళ్ళాక ఆమె హాలం దగ్గరికి వెళ్ళి నిలబడింది. జరిగింది పొడి మాటల్లో చెప్పింది. ఎవరింట్లోనో చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా.

"అతనికి తెలియక అన్నాడా, సార్జెంట్?"

హాలం బోర్డు తుడిచే గుడ్డను బల్ల మీద మడతపెట్టి, మళ్ళీ విప్పాడు.

"తెలుసు. మాకందరికీ తెలుసు. అధికారం లేదని అంటే తలుపు దాటక్కర్లేదు. మొగుడూ పెళ్ళాల సంగతి, రేప్పొద్దున ఆవిడే కేసు వద్దంటుంది, రాసిన కాగితాలన్నీ దండగ అని అనుకునేవాళ్ళం. నేనూ అన్నాను ఆ మాట. రెండుసార్లు. మూడోసారి అన్నానో లేదో గుర్తులేదని నాకు నేను చెప్పుకుంటాను."

"ఆ ఇళ్ళలో ఏమైంది?"

"కనుక్కోలేదు."

 ఆయన క్షమించమని అడిగి ఉంటే లోర్నా ఏదో ఒకటి అనేసేది. ఆయన అడగలేదు. "అందుకే ఆ పాఠం ఇంకెవరికీ ఇవ్వకుండా నేనే చెబుతాను" అని మాత్రం అన్నాడు.

పరీక్ష పాసయింది. యూనిఫారం వచ్చింది. పని నేర్పడానికి షాజియా మలిక్ అనే కానిస్టేబుల్‌తో పంపించారు. వయసు ఇరవై ఎనిమిది, ఏడేళ్ళ అనుభవం, నోటికి తాళం లేదు. లోర్నా తనకన్నా పెద్దదని మొదటిరోజే, ఉర్దూలో అక్కా అన్నట్టు, "బాజీ" అని పిలవడం మొదలుపెట్టింది.

"బాజీ, కారులో కూర్చుని సెక్షన్లు వల్లించకు. పక్కన మౌల్వీ సాహెబ్‌ను పెట్టుకున్నట్టుంది నాకు."

"నువ్వు బండి చూసి నడుపు. ఇందాక ఎర్రలైటు దాటావు."

"పసుపు!"

"ఎరుపు. రాసిపెట్టనా?"

ఒక మంగళవారం రాత్రి పదకొండు గంటలకు వాళ్ళు నవ్వుకుంటూ ఉండగానే రేడియో పలికింది. కోబ్డెన్ వీధి, నలభై రెండో నంబరు. గోడకు ఏదో కొట్టుకున్న చప్పుడు, ఆడమనిషి కేక, ఆ తరవాత ఏమీ లేదు అని పక్కింటివాళ్ళు చెప్పారు.

తలుపు తట్టగానే ఎవరూ రాలేదు. రెండోసారి తట్టాక లోపలి గొలుసు తీయకుండా ఒక అమ్మాయి తొంగిచూసింది. పాతికేళ్ళుంటాయి. తల మీంచి కండువా కప్పుకుని, గడ్డం కింద గట్టిగా పట్టుకుంది.

"ఏం లేదండీ. టీవీ శబ్దం పెద్దగా పెట్టాను. తగ్గించేశాను."

"నీ పేరేంటమ్మా?" అంది లోర్నా.

"కెల్లీ-యాన్. ఏం లేదని చెప్పాను కదా. వెళ్ళిపోండి."

"లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు" అంది. ఆమె కళ్ళు మాత్రం తలుపు వెనక్కి, తన భుజం పక్కకి ఒక్కసారి పోయి వచ్చాయి. కండువా అంచు నుంచి చెవి పక్కగా సన్నగా ఎరుపు కారి మెడలోకి దిగుతోంది. ఆమెకు అది తెలిసినట్టు కూడా లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. తలుపు వెనక నుంచి ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు లోర్నాకు వినిపించింది.

షాజియా వెనక నుంచి మెల్లిగా అంది. "చెప్పు బాజీ. ఏముంది నీ దగ్గర?"

"తలకు గాయం. రక్తం ఆగలేదు. మాట తడబడుతోంది. తలుపు వెనక మనిషి ఉన్నాడు, లేడంటోంది."

"సరిపోతుంది."

 లోర్నా గొంతు పెంచింది. "కెల్లీ-యాన్, నిన్ను రావచ్చా అని అడగడం లేదు. నీ ప్రాణానికి అపాయం ఉంది, కాబట్టి లోపలికి వస్తున్నాం. వద్దన్నా వస్తాం. నువ్వు పిలవలేదు, గుర్తుపెట్టుకో. నువ్వు పిలవలేదు. గోడవైపు జరుగు."

పిలవలేదన్న మాట తలుపు వెనక ఉన్నవాడు వినాలని అంది.

గొలుసు రెండో తోపుకు ఊడింది. తలుపు వెనక ఒకడు నిలబడి ఉన్నాడు, చేతిలో సుత్తి. ఇద్దర్నీ చూసి, ఏదో బరువు మోస్తూ అలసిపోయినవాడిలా దాన్ని కింద పెట్టాడు. షాజియా అతనికి బేడీలు వేస్తూ ఎందుకు పట్టుకుంటున్నదీ చెబుతూంటే, లోర్నా కెల్లీ-యాన్‌ను నేల మీద కూర్చోబెట్టి తల వెనక గుడ్డ అదిమిపట్టింది. వేళ్ళకింద ఎముక ఉండాల్సిన చోట ఉండాల్సినట్టు లేదు.

"నేను రమ్మన్నానా మిమ్మల్ని?" అని కెల్లీ-యాన్ ఏడుస్తూ లోర్నా చేతిని గీరింది. "ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదమ్మా" అంది లోర్నా, గుడ్డ వదలకుండా.

పుర్రె చిట్లింది, ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేది అని డాక్టర్లు అన్నారు. కెల్లీ-యాన్ వాంగ్మూలం ఇవ్వలేదు. పోలీసుల ఛాతీ కెమెరాల్లో పడిన దృశ్యాలు, డాక్టర్ల కాగితాలు, సుత్తి, ఇవన్నీ ఉండటంతో కేసు ఆమె నోటిమాట లేకుండానే నడిచింది. ఆమెతో కలిసి ఉంటున్న అతనికి నాలుగేళ్ళ శిక్ష పడింది. కోర్టు వరండాలో ఎదురైనప్పుడు కెల్లీ-యాన్ లోర్నాను చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

తీర్పు వచ్చిన వారం, ఆదివారం నాడు లోర్నా తల్లి దగ్గరికి వెళ్ళింది. డోరీన్‌కు అరవై ఆరు. ఎడమ చెవి తొంభై ఒకటిలో ఆ దెబ్బ పడిన రోజు నుంచే పనిచేయదు. పొట్లంలో మిగిలిన బిస్కట్లు పళ్ళెంలో పెట్టి, టీ పోసి, కూతురికి ఎదురుగా కూర్చుంది. లోర్నా కోబ్డెన్ వీధి సంగతి చెప్పింది. తరవాత సెక్షన్ పదిహేడు సంగతి. ఎనభై ఆరు జనవరి సంగతి. ఇన్ని నెలలూ చెప్పకుండా దాచుకున్నదంతా చెప్పింది.

"అతనికి అధికారం ఉందమ్మా. లేదని అబద్ధం చెప్పాడు."

డోరీన్ కప్పు కింద పెట్టింది.

"నువ్వు మెట్ల మీద ఉన్నావు. నా మాట నీకు వినపడలేదు" అంది. "అతను అడిగాడు, అంతా బాగానే ఉందా అని. బాగానే ఉంది, వెళ్ళిపొమ్మన్నాను. నేనే పొమ్మన్నాను, లోర్నా. మీ నాన్న నా వెనక నిలబడ్డాడు. అప్పుడన్నాడు అతను అధికారం లేదని. నేను రమ్మని ఉంటే వచ్చేవాడు. బెవ్ ఒంటి మీద ఆ మచ్చ... స్నానం చేయించినప్పుడల్లా నా చేతి పనే అనుకునేదాన్ని."

 ముప్పై ఏళ్ళుగా తల్లి ఒంటరిగా మోసింది ఇదా అనుకుంది లోర్నా.

"నువ్వు వద్దన్నా రావొచ్చమ్మా. నీ మాటతో పనిలేదు. చట్టంలోనే ఉంది."

"నేను పొమ్మన్నా?"

"నువ్వు పొమ్మన్నా. నీ చెవిలోంచి రక్తం కారుతోంది అప్పుడు. అది కనిపించిందంటే చాలు."

"ఇంకోసారి చెప్పు. ఈ పక్కకు వచ్చి చెప్పు."

లోర్నా కుడిచెవి దగ్గరికి ఒంగి నిర్వచనం అప్పజెప్పినట్టే, ఒక్క మాట జారకుండా మళ్ళీ చెప్పింది. డోరీన్ కళ్ళు తుడుచుకోలేదు. "బెవ్‌కు చెప్పాలి. నువ్వు చెప్పు, నేను చెబితే సాకులా ఉంటుంది" అంది.

"నువ్వే చెప్పాలి" అంది లోర్నా. ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది.

డోరీన్ పలకరింపులేమీ లేకుండా నేరుగా చెప్పింది. "బెవ్, ఆ రోజు పోలీసును నేనే పొమ్మన్నాను." అవతల పిల్లల గోల వినిపించి, తలుపు వేసిన చప్పుడుతో ఆగిపోయింది.

"నాకు తెలుసమ్మా" అంది బెవర్లీ. "నీ పక్కనే ఉన్నాను కదా. నీ గౌను పట్టుకుని."

"నువ్వక్కడ..."

"ఉన్నాను. పొమ్మంటున్నప్పుడు నీ కాళ్ళు వణుకుతున్నాయి. నాకు అదే గుర్తు. నిన్ను ఎప్పుడూ ఏమీ అనుకోలేదమ్మా. కానీ అతను నన్ను చూశాడు. సందులోంచి కిందకి చూశాడు, నావైపే. చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు ఇది. చెప్తే నువ్వు పొమ్మన్న సంగతి కూడా బయటికొస్తుందని."

 తను అతని మాటనే నమ్మింది, అమ్మ తన మాటనే నిందించుకుంది, చెల్లెలు ఇద్దర్నీ కాపాడుతూ నోరు మూసుకుంది అని లోర్నాకు అప్పుడు అర్థమైంది. కానిస్టేబుల్ పేరు ఏ పుస్తకంలోనూ మిగల్లేదని ఆమె ఇదివరకే ఆరా తీసి ఉంది.

"అక్క అక్కడే ఉందా?" అంది బెవర్లీ.

"ఉన్నానే."

"అమ్మను తీసుకురా. అన్నం వేళకు రండి. కోడి కాలుస్తున్నాను, పిల్లలకు చిన్నదే తెచ్చాను, సరిపెట్టుకుందాం."

డోరీన్ లేచి కోటు వెతుక్కుంది. అది ఆమె కూర్చున్న కుర్చీ వీపుకే వేలాడుతోంది. లోర్నా తీసి తొడిగింది. తల్లి బొత్తాలు పెట్టుకుంటున్నంతసేపూ ఆమె కుడిపక్కనే నిలబడింది, ఏదైనా అంటే వినపడేలా.  కారెక్కాక డోరీన్, ఆ కోబ్డెన్ వీధి అమ్మాయి ఇప్పుడెలా ఉందని అడిగింది.

"తెలియదమ్మా. నాతో మాట్లాడదు."

"మాట్లాడకపోనీ" అంది డోరీన్. "బతికుంది కదా."