ఎడమవైపు సూదులు

స్టేప్లర్ పిన్ను కొసలను గోటితో లేపి నిటారుగా చేసి, కాగితం చిరగకుండా ఆమె బయటికి లాగింది. జబ్బ దగ్గర చీరకు గుచ్చుకున్న గుండుసూదుల్లోంచి ఒకటి తీసి ఆ దరఖాస్తుకు పెట్టింది. పక్క కిటికీలవాళ్ళందరికీ స్టేప్లర్లు ఉన్నాయి. ఆమె మాత్రం ముట్టుకోదు. పిన్ను పీకేటప్పుడు అసలు పత్రాలు చిరుగుతాయని ఆమె భయం. పిల్లలు చాటున ఆమెను గుండుసూదులమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అలా అంటున్నారని వాళ్ళ మీద కోపమూ లేదు.

కాలేజీ ఆఫీసులో మూడో కిటికీ ఆమెది. డిగ్రీలో కొత్తగా చేరేవాళ్ళ పత్రాలు సరిచూడడం పని. మార్కుల జాబితా, చదివిన చోటి నుంచి టీసీ, నడవడిక పత్రం, పుట్టిన తేదీకి రుజువు, నాలుగు ఫొటోలు. నిద్రలో లేపి అడిగినా వరస తప్పకుండా చెబుతుంది. ఆమెకు మాత్రం డిగ్రీ లేదు. ముప్పై ఒక్కేళ్ళ కిందట భర్త పోతే ఆయన కుర్చీ ఆమెకిచ్చారు. దరఖాస్తుల్లోని పెద్ద మాటలు అర్థంకాక మొదట్లో ఆఫీసు నిఘంటువు ఇంటికి తీసుకెళ్ళి, పొయ్యి పక్కన పెట్టుకుని, కూర కలుపుతూ చదువుకుంది. ఇప్పుడు సూపరింటెండెంటు నోటీసు రాస్తే ముందు ఆమెకు చూపించి గానీ గోడకు అంటించడు.

కిటికీ గట్టు మీద అరచేతిలో ఇమిడే నీలం గుడ్డ దిండు ఒకటి ఉంటుంది, ఆమె కుట్టుకున్నదే. మధ్యన తెల్లదారంతో ఒక గీత. గీతకు కుడివైపు వాడుకునే సూదులు. ఏదో ఒక కాగితం తక్కువై ఎవరైనా వెనక్కి వెళితే, ఒక సూది తీసి ఎడమవైపు గుచ్చుతుంది. మనిషికో సూది. వాళ్ళు కాగితం తెచ్చుకుని తిరిగొస్తే ఆ సూదే తీసి వాళ్ళ దరఖాస్తుకు పెడుతుంది. కిటికీ మూసే వేళకు ఎడమవైపు సూదులు మిగిలితే ఆ రోజు ఆమెకు ముద్ద దిగదు.

అక్కడ ఎప్పటికీ కదలని సూది ఒకటుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది, ఫొటోలు మూడే ఉన్నాయని ఒక అమ్మాయిని వెనక్కి పంపింది. "నాలుగోది తెచ్చుకో తల్లీ, నేనిక్కడే ఉంటాను" అంది. కిటికీ మూశాక కూడా గంటసేపు కూర్చుంది. ఆ పిల్ల రాలేదు. సూది తుప్పుపట్టి గుడ్డకు అంటుకుపోయింది. పాత దిండు చిరిగి కొత్తది కుట్టినప్పుడు ఆ ముక్కను మాత్రం సూదితో సహా కత్తిరించి అతుకు వేసింది.

ఈ రోజు ప్రవేశాలకు ఆఖరి రోజు. గడువు నాలుగింటి వరకే. పొద్దుటి నుంచి ఆమెకు ఎడమ చెయ్యి బరువుగా ఉంది. పడుకున్న తీరు బాగాలేదేమో అనుకుని, మధ్య మధ్య పిడికిలి విదిలించుకుంటోంది.

రెండున్నరకు కిటికీలో రెండు మొహాలు కనబడ్డాయి. ముందు పద్దెనిమిదేళ్ళ పిల్ల, దాని వెనక యాభైకి దగ్గరపడ్డ మనిషి.

"చేరేది నువ్వేనామ్మా?"

"నేను ఇక్కడే రెండో సంవత్సరమండీ. చేరేది మా అమ్మ."

"అయితే ఆవిణ్ణి ముందుకు రానియ్యి. కూతురి వెనక దాక్కుంటే పాఠాలు ఎలా వినబడతాయి?"

"నేను వద్దనే అన్నానండి. ఇది వింటేగా" అంది తల్లి.

"వద్దంటూనే ఫారం మొత్తం నింపేసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు" అంది కూతురు.

ఆమె నవ్వుతూ కాగితాలు అందుకుంది. టీసీ ఉంది. ఫొటోలు నాలుగు కాదు, ఆరున్నాయి. మార్కుల జాబితా మాత్రం చేతిలో వంగలేదు. అటూ ఇటూ దళసరి ప్లాస్టిక్, అద్దంలా మెరుస్తోంది.

"లామినేషన్ ఎవరు చేయించారు?"

"నేనేనండి" అంది పిల్ల. "మడతల దగ్గర చిరిగిపోతోందని అమ్మ పుట్టినరోజుకు చేయించాను."

ఆమె జాబితాను వెనక్కి తిప్పి చూసింది. చేరినవాళ్ళ అసలు మార్కుల జాబితా వెనక కాలేజీ ముద్ర పడాలి. ఒకే జాబితాతో రెండు చోట్ల సీటు తీసుకోకుండా పెట్టిన రూలది. ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు. లాగేద్దామంటే అక్షరాలు కూడా ఊడి వస్తాయి.

సూపరింటెండెంటు వచ్చి భుజం మీదుగా చూశాడు. "లామినేషన్ చేసినవి తీసుకోబోమని గోడమీద రాసే ఉంది కదక్కా. నకలు తెచ్చుకోమనండి."

"నకలు రావడానికి నెల. నీ గడువేమో గంటన్నర."

"నేను పెట్టిన రూలా?"

తల్లి అప్పటికే మిగతా కాగితాలు సంచిలో సర్దుతోంది. "పోనీలెండి. వచ్చే ఏడు చూద్దాం" అంది, బేరం కుదరని కూరగాయల దగ్గరినుంచి కదిలినంత తేలిగ్గా. పిల్ల మాత్రం అక్కడే నిలబడిపోయి పెదవి కొరుక్కుంటోంది.

వచ్చే ఏడు అన్నవాళ్ళలో నిజంగా వచ్చినవాళ్ళు ఎందరో ఆమెకు తెలుసు. ఒక సూది తీసి ఎడమవైపు గుచ్చింది. "ఎక్కడికీ వెళ్ళకు. చుట్టూ తిరిగి తలుపులోంచి లోపలికి రా" అంది తల్లితో. సూపరింటెండెంటు వైపు తిరిగింది. "వద్దని ఎందుకు రాశావు? ముద్ర పడదని. పడితే?"

"పడితే సంతకం పెడతాను. చిరిగితే మాత్రం నన్నడగొద్దు."

ఆఫీసు ఆయా టీ తెచ్చింది. ఆమె ఆ గ్లాసును జాబితా వెనకవైపు ఖాళీ మూల మీద పెట్టింది.

"టీ తాగడానికనుకున్నానే" అంది ఆయా.

"ఇవాళ ఇస్త్రీకి."

ప్లాస్టిక్ జిగురు మెత్తబడింది. ఆమె బ్లేడు తీసుకుంది. చెయ్యి వణికింది. రెండోసారి పట్టుకున్నా వణికింది. బ్లేడు కింద పెట్టి అడిగింది. "నువ్వేం పని చేస్తావమ్మా?"

"దర్జీ కొట్లో కాజాలు కుడతానండి."

"కాజా కోసేటప్పుడు కింది పొర తెగనివ్వవు కదా. ఇదీ అంతే. నువ్వే కొయ్యి."

"నా కాగితమండీ ఇది. ఒకటే ఉంది."

"అందుకే నీ చేత్తో కొయ్యమంటున్నా."

తల్లి చేతులు తుడుచుకుంది. ముద్ర పట్టేంత చదరం, నాలుగు గీతలు. చివరి మూల దగ్గర బ్లేడు ఆపి, చూసుకుని కోసింది. ఆయా మళ్ళీ వేడి గ్లాసు తెచ్చింది. తల్లి గోటితో కొస లేపి వెంట్రుకవాసి చొప్పున లాగుతుంటే ప్లాస్టిక్‌తో పాటు కాస్త కాగితం నూగు లేచింది. కాగితం మాత్రం నిలిచింది. గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆమె ముద్ర వేసి, ఆరేదాకా నోటితో ఊదింది. సూపరింటెండెంటు దాన్ని వేలితో తడిమి, సంతకం పెట్టాడు.

"ఇదివరకు ఎప్పుడైనా ఈ కిటికీకి వచ్చావా? ఒక ఫొటో తక్కువై..." అని ఆమె తల్లిని అడిగింది.

"లేదండీ. నేను ఈ ఊరొచ్చిందే పెళ్ళయ్యాక."

"ఊరికే అడిగానులే." తన ఆశకు తనకే నవ్వొచ్చింది. ఎడమవైపు సూది తీసి దరఖాస్తుకు పెట్టింది.

"అమ్మా, నేను నీకు సీనియర్ని. నమస్కారం పెట్టు" అంటోంది పిల్ల, బయట మెట్ల మీద.

"గిన్నెలు తోమి పెడితే పెడతాలే."

నాలుగైంది. ఆమె కిటికీ రెక్కలు మూసింది. ఎడమవైపు ఆ పాత సూది తప్ప మరొకటి లేదు. ఆఖరి రోజున ఇలా ఉండడం ఇదే మొదటిసారి. రోజూలాగే బల్లమీద చెయ్యి మడిచి, దానిమీద తల వాల్చింది. పది నిమిషాలు అలా ఉండడం ఆమెకు అలవాటు. ఆ పది నిమిషాలూ ఎవరూ పలకరించరు.

ఐదింటికి ఆయా తాళంచెవులు తీసుకుని వచ్చింది. "అక్కా" అని మెల్లిగా పిలిచింది. రెండోసారి ఇంకా మెల్లిగా పిలిచింది. తర్వాత ఫ్యాను ఆపి, పక్కన నేలమీద కూర్చుంది.

మర్నాటి నుంచి మూడో కిటికీలో స్టేప్లర్ చప్పుడు మొదలైంది. కొత్త గుమాస్తా బల్లంతా సర్దుకున్నాడు గానీ, ఆయా అక్కడే నిలబడి చూస్తుండడంతో గట్టు మీది నీలం దిండును కదపలేదు. దాని ఎడమవైపు ఇప్పుడు రెండు సూదులున్నాయి. ఒకటి తుప్పుపట్టినది, ఇంకోటి ఆయా గుచ్చిన కొత్తది.