నా కాలికి తెలిసిన బ్రేకు

"తొక్కు. పట్టు. వదులు."

లారీ కింద నుంచి మా ఆయన రామాంజినప్ప అరుస్తున్నాడు. కాడుగోడిలో మా ఇంటి ముందు, డ్రైవరు సీట్లో కూర్చుని నేను తొక్కుతున్నాను. బ్రేకు పైపుల్లో గాలి తీయాలంటే ఒకరు పెడలు తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి. నలభై రెండేళ్లుగా ఆ తొక్కే కాలు నాదే. పొయ్యి మీద పులుసు మాడినా దిగకూడదు. ఎవరైనా అడిగితే మాత్రం, "మా ఇంట్లోది వంట చేసుకోని ఉంటాది, అంతే" అంటాడు.

పోయిన నెల ఈ లారీకి పాత ఇంజన్ తీసేసి ఇంకో పెద్దది ఎక్కించారు. అప్పటినుంచి పెడలు మెత్తబడుతోంది. మూడుసార్లు గాలి తీశారు. మూడుసార్లూ బండి చల్లగా ఉన్నప్పుడే. రిపేరు ముగిసి కర్పూరం వెలిగించందే ఇంజన్ స్టార్ట్ చేయకూడదని మా మామగారు పెట్టిన ఆచారం. చల్లటి బండిలో పెడలు రాయిలా నిలుస్తుంది. నిన్న సాయంత్రం కొడుకు దేవరాజ్ హూడి నుంచి ఈ లారీ తోలుకొచ్చి ఆపగానే, వేడి బండిలో ఎక్కి తొక్కి చూశాను. కాలు అడుగుదాకా దిగిపోయింది. వంగి చూస్తే, కొత్త ఇంజన్ సైలెన్సర్ పైపు బ్రేకు పైపును ఆనుకునే పోతోంది.

రాత్రే చెప్పాను. "బ్రేకు ఆయిలు కాగతా ఉండాది. లోపల ఆవిరి పుడితే పెడలు ఎట్ల నిలుస్తాది? ఆ పైపు పక్కకు జరపండి."

ఆయన నవ్వాడు. "చూడప్పా దేవరాజా, మీ అమ్మ మెకానిక్ అయిపోయింది! చారు కాచేది అనుకున్నావేమే?"

"చారు కాచేదాన్ని కాబట్టే తెలిసింది."

"సుమ్నే ఉండు, నోరు మూసుకోని. రేపు వీడు లోడేసుకోని సేలం పోవాల."

సేలం. ఆ దారిలో కొండ ఘాటు రోడ్డు మీదే, లారీ బ్రేకు పడక, నా తమ్ముడు అచ్యుత్ చచ్చిపోయాడు. ఆ పొద్దున కూడా నేనే తొక్కాను. పెడలు దిగుతా ఉండాదని చెప్పాను. "ఆడదాని కాలికి ఏం తెలుస్తాది?" అన్నాడు ఈయన. అప్పటినుంచి ఈ గడప దాటిన ప్రతి మనిషినీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను.

దేవరాజ్ కర్పూరం వెలిగించాడు. "దిగమ్మా, లేట్ అవుతాది."

నేను దిగలేదు. బండి తాళంచెవి తీసి కొంగున ముడివేసుకున్నాను.

"పైపు జరిపినాకే తాళం."

"పిచ్చి పట్టిందా నీకు? ఇట్ల ఇయ్యి!" ఆయన చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. అచ్యుత్ పోయిన పొద్దున కూడా తాళం నా దగ్గరే ఉండింది. ఆ చేతిలో పెట్టింది నేనే.