అచ్చమ్మ పాకమీద పూతకొమ్మ

క్రిస్మస్ ఎక్కడ పుట్టిందో ముసునూరు మండలం మొత్తమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా తోటలో పుట్టింది. మోటారు షెడ్డు పక్కనున్న చిన్నరసం చెట్టు కింద, పగలు పదకొండు గంటలకి. కావాలంటే రండి, చెట్టు చూపిస్తాను.

నవ్వకండి. మా చుట్టుపక్కల మామిడి రైతుల్ని అడిగితే సగంమంది ఇంచుమించు ఇదే మాట చెబుతారు. డిసెంబరులో ఏ చెట్టు ముందు పూస్తే ఆ చెట్టునుంచి ఒక్క పూతకొమ్మ కోసి, మా తోట కాపలా చూసే అచ్చమ్మ ఇంట్లో పండక్కి కట్టే, బాలయేసు బొమ్మను పడుకోబెట్టే చిన్న పశువుల పాకమీద పెట్టాలి. పెడితే ఆ ఏడు తేనెమంచు పురుగు పడదు, పూత నిలుస్తుంది. పూతను గోటితో గిల్లినా ఊరుకోని రైతులు ఈ ఒక్క కొమ్మను మాత్రం చేతులారా కోసిస్తారు. యేసు ఎవరో, ఎందుకు పుట్టాడో వాళ్ళకు పట్టదు. వాళ్ళకు క్రిస్మస్ అంటే పూతపండగ.

మొన్న డిసెంబరులో అకాల వర్షం పడి, పొగమంచు కమ్మి, పూత అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చింది. పురుగు మాత్రం వేళకు ముందే దిగింది. ఆకులన్నీ జిగురు. అచ్చమ్మ కొడుకు హరీష్ మా తోటలో మందు కొడుతుంటే, పక్కతోట కొండయ్య గట్టు దాటి వచ్చాడు.

“ఒరే హరీషూ, ఇవాళ ఇరవైమూడు. మీ అమ్మ ఇంకా కొమ్మ పెట్టలేదంటగా?”

హరీష్ స్ప్రేయర్ ఆపాడు. “ఈ ఏడు పెట్టదండి. పెడితే నేను ఆ గడప తొక్కను. మా ఆవిడా, పిల్లా కూడా రారు.”

రెండేళ్ళ క్రితం హరీష్ తల్లి వెళ్ళే ఆర్‌సీఎం చర్చి మానేసి, ఊరి చివర కొత్త సంఘంలో చేరాడు. వాళ్ళ లెక్కలో ఇరవైఐదో తేదీ బైబుల్లో లేదు. అది ఎప్పుడో సూర్యుణ్ణి కొలిచేవాళ్ళ పండగట, తర్వాతి రాజులు దానికి యేసు పేరు తగిలించారట. పాక, నక్షత్రం, బొమ్మలు, అన్నీ విగ్రహాలేనట. కిందటేడు పండగకు తల్లి ఇంటికి రాలేదు. ఈ ఏడు ఆమె కాళ్ళా వేళ్ళా పడితే, కొమ్మ పెట్టకుండా ఉంటే వస్తానన్నాడు.

“నువ్వు మానితే మానుకో. మా పూత సంగతేంట్రా?” అన్నాడు కొండయ్య.

“పురుగుకి మందు కొట్టేది నేను. పేరు కొమ్మకా? చూడండి సుబ్రహ్మణ్యంగారూ, దీన్నేనండీ మావాళ్ళు విగ్రహారాధన అంటారు. మీరు పెద్దోరు, చెప్పండి. ఈ కొమ్మ ఎక్కణ్ణించొచ్చింది? ఏ వాక్యంలో ఉంది?”

సూటిగా నన్నే అడిగాడు. నాకు సమాధానం తెలుసు. కానీ డెబ్బైమూడేళ్ళుగా నాకొచ్చిన విద్య ఒకటే, వేళాకోళం.

“బెత్లెహేములో మామిడి చెట్లు లేవని నువ్వు చూసొచ్చావేంట్రా?” అన్నాను.

కొండయ్య పగలబడి నవ్వాడు. హరీష్ నవ్వలేదు. సగం వరస వదిలేసి స్ప్రేయర్ భుజానేసుకున్నాడు.

“మేం రావట్లేదని అమ్మకి మీరే చెప్పండి.”

చెప్పడానికే వెళ్ళాను. అచ్చమ్మ గుమ్మంలో కూర్చుని అరిసెల పిండి జల్లిస్తోంది. మనవరాలికి కుట్టించిన గౌను దండెంమీద ఉంది. కొండయ్య నాకంటే ముందే మనిషిచేత పంపేశాడు కాబోలు, పూతకొమ్మ తలుపుకు ఆనించి ఉంది.

“పెట్టకపోతే రైతులు ఊరుకోరంట. పెడితే వాడు రాడు. ఏం చెయ్యమంటారు అయ్యగారూ?” అంది. జల్లెడ ఆడిస్తూనే ఉంది, అందులో పిండి అయిపోయినా.

ఇక్కడ నా గొప్పను నేనే దింపేస్తాను, మీకు శ్రమెందుకు. క్రిస్మస్ ఎక్కడ పుట్టిందో నాకేం తెలీదు. నేను చదివింది ఊరిబళ్ళో ఐదో తరగతి. మా చిన్నరసం కింద పుట్టింది క్రిస్మస్ కాదు, ఒక అబద్ధం. దాన్ని కన్నవాణ్ణి నేను.

నలభై ఏళ్ళ కిందటి మాట. అచ్చమ్మ మొగుడు చిన్నరాయప్ప పండగ నక్షత్రం కట్టడానికి ఆ చెట్టెక్కి, కాలు జారి, నిండు పూతమీదున్న కొమ్మను విరిచేశాడు. మా నాన్న కర్ర పుచ్చుకుని వచ్చాడు. “ఈ పూటే పెళ్ళాన్ని తీసుకుని ఊరొదిలిపో” అన్నాడు. నేను అడ్డంపడి, “విరగలేదు నాన్నా, నేనే విరవమన్నాను. తొలిపూత బాలయేసుకిస్తే తోటకి పురుగు రాదని నూజివీడులో ఫాదరుగారు చెప్పారు” అన్నాను. ఫాదరుగారి మొహం నేనెన్నడూ చూడలేదు. ఆ ఏడు కాపు ఎంతంటే, కాయల బరువుకు కొమ్మలు వంగిపోయి, చెట్టెక్కినవాడు దిగకుండానే నేలమీద ఉండేవాడు. ఈ కథ నేను చెప్పని పెళ్ళిభోజనం లేదు. రెడ్డిగూడెం దాకా పాకింది.

ఇరవైనాలుగో తేదీ పొద్దున్నే కొండయ్యను వెంటబెట్టుకుని హరీష్ ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అచ్చమ్మ కూడా వచ్చి గేటు దగ్గర నిలబడింది. వాడు తలొంచుకుని విన్నాడు.

“అంటే నలభై ఏళ్ళు మా అమ్మ మీ అబద్ధానికి దణ్ణం పెట్టిందా అండీ?”

“అవున్రా” అన్నాను, ఈసారి వేళాకోళం చెయ్యకుండా.

“నాకు తెలుసురా” అంది అచ్చమ్మ. “ఆ సాయంత్రమే మీ నాన్న చెప్పాడు.”

“తెలిసీ పెట్టావా?”

“పూతకోసం పెట్టలేదు. ఆ పూట పోవాల్సినోళ్ళం, పోలేదు. నువ్వు నా కడుపులో ఉన్నావు. ఆ మేలు ఎవరికి చెప్పుకోను? ఆ పాకలో బిడ్డకి చెప్పుకున్నాను.”

“కొమ్మ సంగతి సరే. మరి తేదీ? ఆ తేదీ ఎవరు పెట్టారో తెలుసా నీకు?”

“నాకెట్టా తెలుస్తుంది? నువ్వు పుట్టిన తేదీయే నాకు తెలీదు. కోతలు మొదలెట్టిన రోజుల్లో పుట్టావు. బళ్ళో పంతులుగారు జూన్ ఒకటని రాసేసుకున్నారు. అంతమాత్రాన నువ్వు పుట్టలేదంట్రా?”

లోపల హరీష్ భార్య మాధురి కిసుక్కున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హరీష్ బైకు తాళం తీసుకుని బయటికి పోయాడు. దారిలో కొండయ్య, “మరి మా పూత?” అన్నాడు. మందు కొట్టించుకోమన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పండగనాడు అచ్చమ్మ పాక కట్టింది, నక్షత్రం కట్టింది. కొమ్మ మాత్రం పెట్టలేదు. ఎవరూ అడక్కుండానే తీసి పెరట్లో పడేసింది. పాక కప్పుమీద ఏటా కొమ్మ ఉండేచోట ఏమీ లేదు. నేను అటు చూడకుండా కూర్చున్నాను.

పన్నెండున్నరకు బైకు చప్పుడైంది. ముగ్గురూ వచ్చారు. పిల్ల కొత్త గౌను తొడుక్కుని, పాకలో మట్టిగొర్రెల ముందు చతికిలబడింది. హరీష్ లోపలికి రాలేదు. వాకిట్లో మంచంమీద కూర్చుంటే అచ్చమ్మ అక్కడికే కంచం తెచ్చింది. తల వంచుకుని తిన్నాడు, కోడికూర మారు వడ్డిస్తే వద్దనలేదు.

ఇంతటితో ఆపేస్తే బాగుండేది. కానీ ఈసారి నా అబద్ధం ఎవరి నెత్తిమీదికి పోతుందోనని భయంగా ఉంది, అందుకని చెప్పేస్తున్నాను. ఇందులో నేను కల్పించింది ఆ కంచం. మంచం, మారు వడ్డన కూడా అందులోవే. హరీష్ బైకు దిగలేదు. భార్యనీ పిల్లనీ గేటు దగ్గర దింపి, ఇంజను ఆపకుండా నిలబడ్డాడు. అచ్చమ్మ క్యారేజీ కట్టి తెచ్చి హ్యాండిలుకు తగిలించింది. తీసి పారెయ్యలేదు, అలాగే పట్టుకెళ్ళాడు. ఇంటికెళ్ళి తిన్నాడో లేదో నేను అడగలేదు. మర్నాడు మాధురి ఆ క్యారేజీ కడిగి తెచ్చిచ్చింది. అచ్చమ్మ మూత తీసి చూసింది, ఆమె కూడా ఏమీ అడగలేదు.