నక్షత్రం కొలబద్ద

మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం పిల్లలిద్దరినీ నక్షత్రం కొలబద్ద తెమ్మని పంపించేది. అలాంటి వస్తువు ప్రపంచంలో ఎక్కడా లేదు. కాగితపు నక్షత్రానికి చేతులన్నీ సమానంగా రావాలంటే ప్రత్యేకమైన బద్ద ఒకటి కావాలనీ, అది వీధి మలుపులో దర్జీ అత్త దగ్గర ఉంటుందనీ చెప్పేది. దర్జీ అత్త వాళ్ళ చేతికి అయస్కాంతం ఇచ్చి, నేలమీద రాలిన గుండుసూదులన్నీ ఏరించి, అప్పుడు మాత్రం "అయ్యో, నిన్ననే గడియారాల తాత పట్టుకెళ్ళాడే" అనేది. గడియారాల తాత తన షాపులో గోడ గడియారాలన్నిటికీ వాళ్ళ చెవులు ఆనించి, ఏది నీరసంగా కొట్టుకుంటోందో చెప్పమనేవాడు. చివరికి ఫ్రేముల షాపతను ఫొటో ఫ్రేములు కోయగా మిగిలిన చెక్కల్లోంచి ఒక బద్ద తీసి, గరుకు కాగితంతో రుద్ది, "జాగ్రత్త, ఇది విరిగితే నక్షత్రం కుంటుతుంది" అని చేతిలో పెట్టేవాడు. ప్రతి ఏడూ ఆ బద్ద పొడవు వేరు. అందుకే ప్రతి ఏడూ మా నక్షత్రం సైజు వేరు. వాళ్ళు తిరిగొచ్చేలోపు ఇల్లు కడగడం, కేకు ఓవెన్‌లో పెట్టడం, బహుమతులు దాచడం అన్నీ అయిపోయేవి.

ఆవిడ పోయాక ఇది మొదటి క్రిస్మస్. సాయంత్రం బస్సుకి మా అత్తయ్య, అంటే మా ఆవిడ తల్లి, వస్తున్నారు. ఆవిడ ఎందుకు వస్తున్నారో ఫోన్లో దాచకుండానే చెప్పారు.

"ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని నువ్వొక్కడివీ ఎక్కడ చూస్తావు బాబూ? పండక్కి వస్తాను. ఇల్లెలా ఉందో, వాళ్ళెలా ఉన్నారో చూస్తాను. బాగాలేదనిపిస్తే నాతో తీసుకెళ్ళిపోతాను. నువ్వు సెలవుల్లో వచ్చి చూసిపోదువుగాని."

ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే చిక్కు. చెడ్డమనిషైతే కాదనడం తేలికయ్యేది.

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను. కానీ ఇల్లు ఎక్కడ మొదలుపెట్టినా తరగడం లేదు. సింకు నిండా గిన్నెలు. కుర్చీలమీద ఉతికిన బట్టలు, ఉతకాల్సిన బట్టలు కలిసిపోయి, వాసన చూసి విడదీయాల్సిన పరిస్థితి. నేను బకెట్‌తో ఒక గది తుడుస్తుంటే మావాడు తడి పాదాలతో పక్కగదిలోకి పరుగెత్తేవాడు. వాడికి ఆరేళ్ళు. ఒక్కచోట నిలబడడు కాబట్టి అందరం బొంగరం అంటాం.

"నాన్నా, సబ్బునీళ్ళు తాగితే చేప చస్తుందా?"

"మనింట్లో చేప లేదురా."

"ఉంటే?"

"ఉంటే నీకంటే ముందే పారిపోయేది. పక్కకి తప్పుకో."

పెద్దదానికి పదేళ్ళు. ఇంట్లో దాని పేరు టీచరమ్మ. గుమ్మంలో నిలబడి నా పని పరీక్షిస్తోంది. "ముందు పైన దులిపి తర్వాత కింద తుడవాలి నాన్నా. నువ్వు తిరగేశావు."

అది నిజమే. సరిగ్గా అప్పుడే బొంగరం బకెట్ తన్నేశాడు. నీళ్ళు మంచం కిందికి పోయాయి. నేను అరవలేదు. అరవకుండా ఉండటానికి గోడకేసి చూస్తూ నిలబడితే, మా ఆవిడ ఉపాయం గుర్తొచ్చింది.

"టీచరమ్మా, తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళి నక్షత్రం కొలబద్ద పట్రా."

అది నావైపు కాసేపు చూసింది. "కొలబద్దా?" అంది. తర్వాత ఇంకేమీ అడక్కుండా తమ్ముడి స్వెట్టర్ వెతికి, బొత్తాలు పెట్టి, చెయ్యి పట్టుకుని బయల్దేరింది. నేను కిటికీలోంచి మలుపుమీది దర్జీ ఆవిడకి సైగ చేశాను. ఆవిడ నవ్వి తలూపింది. ఆ ఆట దానంతటదే నడిచిపోతుందనుకున్నాను. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు.

నిజంగానే పని సాగింది. గిన్నెలు మెరిశాయి. కేకు పొంగింది, ఒకవైపే అయినా పొంగింది. మంచం కింద తుడుస్తుంటే బొంగరం పోగొట్టుకున్న చెప్పు దొరికింది. అలాంటి చిన్న దయలు ఏరుకుంటూ బతకడం నాకు ఈ సంవత్సరమే అలవాటైంది. చెప్పు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డప్పుడు గదిలో వెలుతురు తగ్గిపోయిందని గమనించాను. వీధి దీపాలు వెలిగాయి. పిల్లలు రాలేదు.

చెప్పు అక్కడే పడేసి దర్జీ షాపుకి వెళ్ళాను.

"వాళ్ళెప్పుడో వెళ్ళిపోయారన్నయ్యా," అంది దర్జీ ఆవిడ, కుట్టుమిషన్ ఆపి. "సూదులేరించి తాత దగ్గరికి పంపాను. ఇంకా రాలేదా?"

"లేదమ్మా."

ఆవిడ ముఖం మారింది. "అవునూ, మీరు తాతకీ ఫ్రేములతనికీ చెప్పారు కదా?"

"ఏం చెప్పాలి?"

"అయ్యో రాత! వదిన ముందురోజే అందరి దగ్గరికీ తిరిగి చెప్పొచ్చేది. ఎవరు ఎంతసేపు కూర్చోబెట్టాలో, ఎటు పంపాలో, ఎవరు తోడెళ్ళాలో అన్నీ. అది ఊరికే జరిగిందనుకున్నారా?"

అవును, ఊరికే జరిగిందనే అనుకున్నాను. ఆ రోజుల్లో నేను ఇంటికొచ్చేసరికి దీపాలు వెలిగి, నక్షత్రం వేలాడుతూ ఉండేది. దాని వెనక ఎవరెంత నడిచారో నాకెప్పుడూ కనపడలేదు.

గడియారాల తాత కంటికి బిగించుకున్న భూతద్దం తీసి నన్ను చూశాడు.

"వచ్చారు బాబూ. ఫ్రేములవాడి షాపు ఎటు మార్చారు తాతా అని అడిగింది పాప. రైలు గేటు అవతల, నీళ్ళ ట్యాంకు పక్కన అని చెప్పాను."

"షాపు మార్చాడా?"

"ఎండాకాలంలోనే మార్చాడు. మీరు చూడలేదా?"

"మరి అంత దూరం వెళ్ళొద్దని చెప్పలేదా తాతా?"

"వెళ్తారని అనుకోలేదయ్యా. పిల్లలు అడిగారు, చెప్పాను. మీ ఆవిడ ఉన్నప్పుడైతే..." అని ఆగిపోయాడు. ఆయన్ని నిందించడానికి నాకు నోరు రాలేదు.

రైలు గేటుకి దారి నాకు తెలుసు. రెండు పెద్ద రోడ్లు దాటాలి. లారీలు తిరిగే రోడ్లు. నేను నడిచానో పరుగెత్తానో గుర్తులేదు. ఎదురొచ్చిన ప్రతి పొట్టి మనిషినీ చూశాను. పండగ సరుకులు మోసుకెళ్ళేవాళ్ళు నన్ను తప్పుకుంటూ పోతున్నారు. అత్తయ్య ముఖం కళ్ళముందు లేదని చెప్తే అబద్ధం. కానీ మొదటి రోడ్డు దాటాక ఆవిడా లేదు, పండగా లేదు. బొంగరం ఎప్పుడూ రోడ్డుకి ఒకవైపే చూసి దూకుతాడన్న సంగతి ఒక్కటే ఉంది.

గేటు వేసి ఉంది. గేటు మనిషిని అడిగాను.

"ఇద్దరు పిల్లలా? ఒకడు గిర్రున తిరుగుతూ ఉంటాడు?"

"వాడే! వాడే!"

"వాణ్ణి మర్చిపోతానా! రైలుకి ఎన్ని చక్రాలని ప్రాణం తీశాడు. బండి పోయాక నేనే చెయ్యి పట్టి దాటించాను. అదిగో ఆ దీపం కనపడుతోందే, ఆ షాపులోకి పోయేదాకా చూస్తూనే ఉన్నాను."

ఆయనకి దణ్ణం పెట్టాను. ఆయన తడబడి తనూ పెట్టాడు.

ఫ్రేముల షాపులో బొంగరం రంపపుపొట్టు కుప్పలో కూర్చుని గుప్పిళ్ళతో ఇల్లు కడుతున్నాడు. టీచరమ్మ స్టూలుమీద నిటారుగా కూర్చుంది, చేతిలో కొత్త చెక్కబద్ద. షాపతను షట్టర్ సగం దించేశాడు.

"మీ నంబరు లేదు సార్ నా దగ్గర. నేనే తీసుకొద్దామని మూసేస్తున్నాను," అన్నాడు. "పాప బద్ద తీసుకోకుండా కదలనంది."

తిరిగొచ్చేటప్పుడు చెరో చేత్తో ఇద్దరినీ పట్టుకున్నాను. వాడు చక్రాల లెక్క చెబుతూనే ఉన్నాడు. నేను టీచరమ్మని అడిగాను.

"అంత దూరం ఎందుకెళ్ళావమ్మా? తాత దగ్గరనుంచి ఇంటికి రావొచ్చు కదా?"

"నక్షత్రం కొలబద్దనేది ఏదీ ఉండదని నాకు తెలుసు నాన్నా."

"ఎప్పటినుంచి?"

"పోయినేడాది నుంచి. అమ్మకి నాకు తెలుసని తెలుసు. తమ్ముడికి చెప్పొద్దంది."

"మరి?"

"నువ్వు పంపావుగా. బద్ద లేకుండా వస్తే నువ్వు నక్షత్రం చెయ్యవనుకున్నాను. అమ్మమ్మ వచ్చేసరికి నక్షత్రం లేకపోతే ఇల్లు బాగాలేదంటుంది. మమ్మల్ని తీసుకెళ్ళిపోతుంది."

మేం ఫోన్లో మాట్లాడుకున్నది ఈ పిల్ల విన్నదన్నమాట. ఎన్నాళ్ళుగా ఆ బరువు మోస్తోందో! దాని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

మా వీధిలోకి తిరగ్గానే గుమ్మం మెట్లమీద అత్తయ్య కనిపించారు. ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నారు. టీచరమ్మ నా చెయ్యి వదిలి తమ్ముడి చెవిలో ఏదో చెప్పి, ముందు నడిచింది.

"ఎక్కడికెళ్ళారే అందరూ? తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరని బెంగపడ్డాను," అన్నారు అత్తయ్య, వాడి జుట్టులోని పొట్టు దులుపుతూ.

"నాన్న మమ్మల్ని షాపుకి తీసుకెళ్ళాడమ్మమ్మా. నక్షత్రం చెయ్యడానికి బద్ద కావాలని. ముగ్గురం కలిసే వెళ్ళాం," అంది అది, తడుముకోకుండా.

బొంగరం నోరు తెరిచాడు. అక్క వాడి వైపు చూసింది. మూసేశాడు.

అత్తయ్య నావైపు తిరిగారు. "అలాగా బాబూ?"

అవునంటే అయిపోయేది. ఇల్లు తుడిచి ఉంది, కేకు ఉంది, పిల్లలు క్షేమంగా ఉన్నారు. కానీ నన్ను కాపాడటానికి పదేళ్ళ పిల్ల అబద్ధమాడాల్సి వస్తే, ఈ ఇంట్లో ఎవరు ఎవరిని పెంచుతున్నట్టు?

"కాదత్తయ్యా. పని తెమలడం లేదని నేనే వాళ్ళని బయటికి పంపాను. ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. రైలు గేటు దాటి వెళ్ళిపోయారు. చీకటి పడ్డాక వెతికి తెచ్చాను. తప్పు నాది, అది నాకోసం అలా చెప్పింది."

టీచరమ్మ ముఖం తెల్లబోయింది. తమ్ముణ్ణి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తయ్య మెట్టుమీద పక్కకి జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను.

"నాకు తెలుసు," అన్నారు. "బస్సు దిగి ఇటు వస్తుంటే దర్జీ అమ్మాయి ఏడుస్తూ ఎదురొచ్చింది. అంతా చెప్పింది. నువ్వేమంటావో చూద్దామని అడిగాను."

నేను తలదించుకున్నాను.

"ఆ ఆట నా కూతురికి నేర్పింది నేనే బాబూ. దాన్ని చిన్నప్పుడు అటకమీది పెట్టె తాళంచెవి తెమ్మని ఇల్లిల్లూ తిప్పేదాన్ని. ఆ పెట్టెకి తాళమే లేదు. ఒకసారి అది చీకటి పడ్డా రాలేదు. ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకున్నాను. దొరికాక నేనేం చేశానో తెలుసా? మీ నాన్నకి చెప్పావంటే తోలు తీస్తానన్నాను. పాపం, అది ఎన్నడూ చెప్పలేదు. ఆయన పోయేదాకా ఆయనకి తెలీదు." కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "మంచిపిల్ల అని మురిసిపోయాను కూడా."

వీధిలో ఎవరో మెట్లమీద కూర్చున్న మమ్మల్ని చూసి పండగ శుభాకాంక్షలు చెప్పి వెళ్ళారు. ఇద్దరం తలూపాం.

"తిరుగు బస్సుకి మూడు సీట్లు రాయించుకుని వచ్చాను," అన్నారు అత్తయ్య.

"పిల్లలు నా దగ్గరే ఉంటారత్తయ్యా."

"ఇవాళ జరిగినదాని తర్వాత కూడా అంటున్నావా ఆ మాట?"

"అంటున్నాను. కానీ నేనొక్కణ్ణీ చెయ్యగలనని మాత్రం అనను. చెయ్యలేకపోతున్నాను."

ఆవిడ నా వైపు చూడలేదు. మా వెనక, హాల్లోకి వేలాడే పరదా కింద రెండు చిన్న పాదాలు కనిపిస్తున్నాయి. కదలకుండా, వేళ్ళు నేలకి అదిమిపెట్టి. అత్తయ్య కూడా చూశారు. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

"పండగ అయ్యాక ఆ బస్సువాళ్ళకి ఫోన్ చెయ్యి," అన్నారు ఆవిడ, అవసరమైనదానికంటే కాస్త గట్టిగా. "రెండు సీట్లు తీసెయ్యమను. మూడోదాని సంగతి ఆలోచించుకుంటాను. నాకూ అక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నాయి, ఊరికే వదిలేసి రాలేనుగా."

పాదాలు ఇంకా కదల్లేదు. టీచరమ్మ ఆ మాటని ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటోందని నాకు తెలుసు. తర్వాత అవి ఒక్కసారిగా మాయమయ్యాయి. లోపల గుసగుస వినిపించింది. ఆ వెంటనే బొంగరం గొంతు, వీధి చివరిదాకా వినపడేలా: "అయితే ఇప్పుడు రైలు సంగతి చెప్పొచ్చా?"