బారలాయన కొలత

రేవు ఆఫీసులో పెద్ద అట్ట పరిచి, నాలుగు మూలలా సీసపు గుండ్లు బరువు పెట్టి, అతను పొద్దుటి నుంచీ వచ్చే ఏడాదిని గళ్లుగా గీస్తున్నాడు. స్కేలును ఎడమ మోచేత్తో అదిమిపెట్టి కుడిచేత్తో గీస్తుంటే ప్రతి గీతా చివర్లో కాస్త వంకరపోతోంది. మొత్తం పన్నెండు గళ్లు, నెలకొకటి. సరదాకు గాలం వేయడానికి వచ్చేవాళ్లను ఏ నెలలో సరస్సులో ఏ మూలకు తీసుకెళ్లాలి, ఏ ఎర కట్టించాలి, గాలం ఎంత లోతుకు దించాలి, అన్నీ అందులో ఉండాలి. పడవల యజమాని ఆ అట్టను గోడకు తగిలిస్తాడు. వచ్చినవాళ్లు దాన్ని చూసి ఏడాది పొడుగునా తమ తమ రోజులు ముందే రాయించుకుంటారు.

ముప్ఫై ఏళ్లుగా ఈ పని అతనిదే. రేవులో అందరూ అతన్ని బారలాయన అంటారు. రెండు చేతులూ పక్కలకు చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఎంతో అది బార. గాలం దారాన్ని అలా చాపి చాపి, బారలు లెక్కపెట్టి నీళ్లలోకి వదిలేవాడు. బస్టాపు ఎంత దూరమని దారిన పోయేవాళ్లడిగినా, ఓ రెండొందల బారలుంటుందని చెప్పేవాడు. చేతులు కూడా అందుకు తగ్గవే, నిలబడితే మోకాళ్లను పలకరించేవి. ఓ పెద్దమనిషి ఆజానుబాహుడని పొగడబోతే అతని భార్య ఊరుకోలేదు. చొక్కాలు కుట్టించేది నేనండీ, ఆ తంటా నాకు తెలుసు అంది.

ఇల్లు కట్టుకున్న కొత్తలో పెరట్లో దండెం గుంజలు కూడా అలాగే కొలిచి పాతాడు. మధ్యన ఇనుప తీగ బిగించి, మూడు బారలు, వెంట్రుకవాసి తేడా లేదని చూపించాడు. తడిబట్టలు ఆరేసుకోవడానికి ఇంత లెక్కా అని భార్య పడీ పడీ నవ్వింది. అది ఇరవై రెండేళ్ల కిందటి మాట.

మిగతా పడవలవాళ్లు దారానికి ముడులు వేసుకునేవారు, రంగు గుర్తులు పెట్టుకునేవారు. వాళ్లను చూసి అతను జాలిపడేవాడు. చేతులుండగా ముడులెందుకనేవాడు. మనిషికి ఉన్న గర్వం అదొక్కటే, పాపం.

ఇప్పుడు ఆ చేతులు ఉండీ లేనట్టే. కీళ్లవాతం పట్టి మోచేతులు రెండూ కొడవళ్లలా వంగి అలాగే బిగుసుకుపోయాయి. పోయిన చలికాలం నుంచి వీపు కూడా గూని పడింది. చొక్కా గుండీలు భార్యే పెడుతుంది. పడవ మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. రక్తపోటు సంగతి మరీ మరీ చెప్పాడు. రాయడానికి మాత్రం కుడిచేతి వేళ్లు ఇంకా ఒప్పుకుంటున్నాయి.

మంచు విడిచే నెల గడిలో, వాగు వచ్చి కలిసే చోటు, వానపాము, బారన్నర అని రాశాడు. అప్పుడు చారల చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తుంది, కనుక పట్టినా వదిలెయ్యాలని పక్కనే ఎర్ర సిరాతో గీశాడు. ఇప్పుడు నడుస్తున్నది ఎండలు ముదిరే నెల. దానికి మునిగిన చెట్ల మొదళ్లు, చిన్నచేప ఎర, నాలుగు బారలు. ఎండ పెరిగేకొద్దీ మీసాల చేప అక్కడి చల్లదనానికి చేరి మనిషిలాగే బద్ధకంగా పడుకుంటుంది, నోటి దగ్గరికొస్తేనే తింటుంది. తొలివానలకు నీళ్లు ఎర్రబడితే పిండి ఉండ, ఒక బార చాలు. చలి ముదిరాక పాత రాతిగని గుంట, ఏడు బారలు, ఓపిక లేనివాళ్లు రావద్దు. పక్కన ముప్ఫై ఏళ్ల నోటుపుస్తకం నీళ్లు తగిలి ఉబ్బిపోయి ఉంది. దాన్ని తెరవాల్సిన అవసరం అతనికి రాలేదు.

అయితే ఈసారి అట్ట రాస్తుంటే గుండె కుదురుగా లేదు. ఈ పని కూతురికి రావాలి. నాలుగేళ్లు అతనికి తెడ్డు వేసిన పిల్ల, సరస్సులో ఏ రాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. దారం దించడం మాత్రం ఎప్పుడూ అతనే చేశాడు. పని రాకపోతే ఆమె మళ్లీ ఇదివరకు చేసిన డబ్బాల ఫ్యాక్టరీకే పోవాలి, పోను గంటన్నర రాను గంటన్నర. యజమాని చెడ్డవాడేం కాదు. కానీ తెర ఉన్న యంత్రంతో ఒకతను వస్తానంటున్నాడు. నీళ్ల కింద చేప ఎక్కడుందో ఆ తెర మీద చుక్కల్లా కనిపిస్తుందట. ఎవర్ని పెట్టుకునేదీ ఇవాళ్టి వేటను బట్టి తేలుస్తానని యజమాని చెప్పాడు. కూతురు తెల్లవారుతూనే ఇద్దరు మనుషుల్ని పడవెక్కించుకుని వెళ్లింది.

పదకొండున్నరకు పడవ తిరిగొచ్చింది. కిటికీలోంచి చూశాడు. చేపల బుట్ట కూతురి చేతిలో ఊగుతోంది. బరువున్న బుట్ట అలా ఊగదు. వెనకాల వచ్చిన ఇద్దరూ యజమానితో ఏదో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆమె లోపలికొచ్చి బుట్టను గోడవారగా పెట్టింది.

"ఎంత దించావమ్మా?"

"నాలుగు బారలు. నువ్వు చెప్పినట్టే."

"చెట్ల మొదళ్ల దగ్గరేనా?"

"అక్కడే నాన్నా. మూడు గంటలు కూర్చున్నాం. ఒక్కటీ ముట్టలేదు."

ఏదీ, ఎలా కొలిచావో చూపించమన్నాడు. ఆమె దారం తీసి, అతను చేసినట్టే నిటారుగా నిలబడి, రెండు చేతులూ బారచాపింది. అతను ఆ చేతులకేసి చూశాడు. అచ్చం అమ్మ పోలిక. చిన్న ఒళ్లు, చిన్న చేతులు. నాలుగేళ్లు పడవలో ఎదురెదురుగా కూర్చున్నారు, ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఆమె నాలుగు బారలంటే తనవి మూడూ చిల్లర. చేప కింద పడుకుని ఉంటే, ఎర దాని నెత్తిమీద మూడు గంటలు ఊరికే వేలాడింది.

ముప్ఫై ఏళ్ల పుస్తకంలో ప్రతి అంకే తన చేతులది. ఇంకెవరి చేతులతోనూ దాన్ని చదవడం కుదరదు. బల్ల మీది అట్టా అంతే.

కూతురు తెలివైనది, చెప్పకుండానే గ్రహించింది. అయితే నీ బార ఎంతో కొలిచేద్దాం అంటూ దారం ఒక కొస అతని కుడిచేతికిచ్చి, ఎడమ మోచేతిని మెల్లగా సాగదీసింది. అతను పళ్లు బిగించాడు. నుదుట చెమట పట్టింది. చెయ్యి జానెడు కదిలి ఆగింది. ఇంకాస్త లాగమన్నాడు. ఆమె లాగలేక వదిలేసి ముఖం తిప్పుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పోనీ మనిషి ఎత్తూ బారా ఒకటేనంటారు కదా అంది. గూని వీపుకు ఎత్తెక్కడ? పైగా అతని చేతులు ఎత్తును మించినవి. ఎంత మించాయో ఎవరు కొలిచారు గనక?

యజమాని గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. చిన్నప్పుడు ఈయన చేతుల మధ్యే కూర్చుని గాలం పట్టడం నేర్చుకున్నవాడు. అతనికీ బాధగానే ఉంది.

"బాబాయ్, ఆ యంత్రానికి మీటర్లొస్తాయి. నీ బారలు నీకొక్కడికే వస్తాయి. నేనేం చెయ్యను చెప్పు?"

"రేపొక్క రోజివ్వు బాబూ."

సరే, రేపు వచ్చేలోగా సరిగ్గా ఎంతో తేల్చుకుని రమ్మన్నాడు.

ఇంటికొచ్చాక భార్య సంగతంతా విని, అలమరలోంచి పాత చొక్కాలన్నీ తీసి మంచం మీద పరిచింది. ఏం లాభం, ఏ చొక్కా చేతులూ ఏనాడూ అతనికి చాలలేదు. కూతురు గది నేల మీద తాడు పరిచి, ఊహమీద కొంత జరుపుతూ, ఇంతుంటుందా నాన్నా, ఇంతా అని అడుగుతోంది. అతనికి ఏది చూసినా తనదే అనిపిస్తోంది, ఏదీ తనది కాదనీ అనిపిస్తోంది. చలికాలం గుంటలో ఏడు బారలకు ఏడింతల తప్పు. ఊహతో సంసారం నడుస్తుందేమో గానీ గాలం నడవదు. కూతుర్ని చూడలేక, చాలమ్మా అని కుర్చీని పెరటి కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు. అన్నం వద్దన్నాడు.

సాయంత్రం గాలి లేచింది. పెరట్లో అతని చొక్కాలు దండెం మీద చేతులు చాచి ఎగురుతున్నాయి. చూస్తూ చూస్తూ ఉలిక్కిపడ్డాడు. చొక్కాలు కాదు, వాటి కింద తీగ! ఈ గుంజ నుంచి ఆ గుంజకు మూడు బారలు, వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని మూడో వంతు చేస్తే తన బార. ముప్ఫై ఏళ్ల పుస్తకం మొత్తం అక్కడ పెరట్లో ఆరుతోంది! ఒక్క ఉదుటున లేవబోయాడు. తలలో ఏదో తెగినట్టయింది. కాళ్లు స్వాధీనం తప్పాయి. పిలుద్దామంటే నాలుక మెలికపడింది.

"ద... దండెం..."

భార్య పరుగున వచ్చి కిటికీలోంచి చూసింది. ఆకాశం నల్లగా ఉంది.

"అవునండోయ్, వాన వచ్చేస్తోంది. అమ్మాయ్, బట్టలు తీద్దాం రా!"

తల్లీకూతుళ్లిద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. అతను మళ్లీ అన్నాడు. మాట పెదవి దాటలేదు. చూపిద్దామంటే చెయ్యి లేవలేదు. వాళ్లు ఒక్కో చొక్కా లాగి భుజాన వేసుకుంటుంటే తీగ కొంచెం కొంచెంగా బయటపడింది. కూతురు రెండు చేతులతో దాన్ని ఒకసారి పట్టుకుంది కూడా, ఇరుక్కున్న క్లిప్పు ఒకటి తీయడానికి. అతని కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆమె కిటికీ ముందు నుంచి వస్తూ, ఒక్కటీ తడవలేదు నాన్నా అని చెప్పింది.

బట్టలు మడతపెట్టి దీపం వేసేసరికి అతను లేడు. కళ్లు పెరటివైపే తెరుచుకుని ఉన్నాయి.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ భార్య అదే చెప్పుకుని ఏడ్చింది. పోతూ పోతూ కూడా బట్టలు తడిసిపోతాయనే చూశారమ్మా, ఆఖరి మాట కూడా ఇంటి పనే అంది. విన్నవాళ్లు కళ్లొత్తుకున్నారు. యజమాని ఆ అట్టను గౌరవంగా ఆఫీసు గోడకు తగిలించాడు. దాని మీద బారలని చూసి, వచ్చినవాళ్లు ఇదేం లెక్కని అడిగితే, పాతకాలం లెక్కని చెప్తున్నాడు. యంత్రం అతను సోమవారం నుంచి పనిలోకి వచ్చాడు.

కూతురు మళ్లీ ఫ్యాక్టరీ బస్సెక్కింది. వారానికొక రోజు సెలవు. ఆ రోజు ఉతికిన నీలం యూనిఫాం ఒక్కటే పెరట్లో, ఇరవై రెండేళ్లుగా సడలని ఆ ఇనుప తీగ మీద, చిన్న చేతులు రెండూ చాచుకుని ఆరుతూ ఉంటుంది.