టిక్కుమనే పొద్దుతిరుగుడు పూలు

ఆ ఇటుకల బట్టీలో ఎక్కడ తవ్వాలన్నా ముందు పొద్దుతిరుగుడు గింజలు నాటుతారు. రాళ్లలోనే పుట్టి, కంటికి కనబడని కిరణాలు చిమ్మే ఖనిజాలు ఏ నేలలోనైనా కాస్తో కూస్తో ఉంటాయి. మొక్క నీళ్లతో పాటు వాటినీ పీల్చుకుంటుంది. కాస్త ఉంటే పువ్వు ఊరుకుంటుంది. ఎక్కువైతే గోడగడియారంలా టిక్కుటిక్కుమంటుంది. అలాంటి చోట ఇటుకమ్మ గునపం దించనివ్వదు. బట్టీ ఆమెదే. పొద్దున్నే పూల దగ్గర చెవిపెట్టి విన్నాకే ఆమెకు కాఫీ.

అల్లుడికి అంత ఓపిక ఎక్కడిది? లారీ వదిలేసి అత్తగారి బట్టీకి వచ్చాడు గానీ తొందరను మాత్రం వదల్లేదు. భార్య కడుపుతో ఉంది, బిడ్డకు ఓ గది కావాలి. అత్తగారు మోకాలి నొప్పితో మంచం పట్టిన అదను చూసి, పువ్వు పూయకముందే కొండవార మట్టి తవ్వి ఇటుకలు కాల్చి గది లేపేశాడు. సున్నం ఆరేసరికి పూలలాగే గోడలూ టిక్కుమన్నాయి.

"నీ తొందర పాడుగాను! కూల్చెయ్," అంది ఇటుకమ్మ.

"కూలిస్తే ఆ ముక్కలు ఎక్కడ పోస్తావమ్మా? అక్కడా టిక్కుమంటాయిగా," అంది కూతురు. "మట్టిలోంచి లాగే పువ్వు గోడలోంచి లాగదా?"

"సరే, నాటుకోండి. బిడ్డ పుట్టేలోగా గోడ నోరు మూయకపోతే తల్లీబిడ్డా నా దగ్గరే ఉంటారు. ఈయన మళ్లీ లారీ ఎక్కొచ్చు."

అల్లుడు గది చుట్టూ గింజలు నాటి, నీళ్లు పోసి, జీవితంలో మొదటిసారి ఆగడం నేర్చుకున్నాడు. పూలు విచ్చుకుని టిక్కుటిక్కుమన్నకొద్దీ గోడల గొంతు తగ్గింది. "ఇవాళ మీ పూలు మంచి జోరుమీదున్నాయే," అంటూ ఇటుకలకొచ్చినవాళ్లు తమ పని చూసుకుని వెళ్లిపోయేవారు.

ఆడపిల్ల పుట్టేనాటికి గోడలు మాట మానేశాయి. అల్లుడు మొక్కల్ని వేళ్లతో సహా పీకి, మట్టి తెచ్చిన గుంటలోనే పూడ్చి వచ్చాడు. ఇటుకమ్మ నాలుగు గోడలకూ చెవి ఆనించి, ఉయ్యాల తానే తెచ్చి గదిలో పెట్టింది.

పిల్ల మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. ఎవరెత్తుకున్నా ఊరుకోలేదు. కడుపులో ఉన్నన్నాళ్లూ ఆ చప్పుడు వింటూ పెరిగిందాయె. చివరికి తండ్రి ఉయ్యాల మీదికి వంగి నాలుకతో టిక్, టిక్ అన్నాడు. ఏడుపు ఆగింది. రెప్పలు వాలాయి.

"నెమ్మదిగా అను, తొందరేం లేదు," అంది ఇటుకమ్మ గుమ్మంలోంచి. "రేపట్నుంచి బట్టీ పూలు కూడా నువ్వే విను, నాయనా."